వానలు పట్టకముందే గొట్టం ఎక్కండి

మన వైపు పొగగొట్టం గుర్తొచ్చేది భోగికి. ఇల్లు దులిపి, సున్నాలు కొట్టి, అటక మీద సామానంతా దించాక, ఎవరో ఒకరు వంటింటి పైకి చూసి "పనిలో పని, ఆ గొట్టం కూడా దులిపించేద్దాం" అంటారు. అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. నైరుతి వానలు మనకూ పడతాయి గానీ, తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల గోడలు నానేదీ చెరువులు నిండేదీ ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుడితే చాలు, మనకు ముసురు మొదలు. 2021 నవంబర్ గుర్తుందిగా, తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. 2023 డిసెంబర్ మొదట్లో మళ్ళీ మిచౌంగ్ తుపాను. ఇన్ని నీళ్ళు గొట్టం నెత్తిన పోశాక, సంక్రాంతికి చీపురు పట్టుకుని మిద్దెక్కి ఏం లాభం?

నా మాట వింటే వినాయక చవితి అయ్యాక, మహాలయ పక్షాల్లో ఈ పని పెట్టుకోండి. శంకుస్థాపనలు, గృహప్రవేశాలు ఉండవు కాబట్టి మేస్త్రీలు కాస్త ఖాళీగా దొరుకుతారు. ఆ పదిహేను రోజులూ ఏ పనీ ముట్టుకోకూడదని పెద్దవాళ్ళు అంటే, మరమ్మతుకు ముహూర్తం అక్కర్లేదని సర్ది చెప్పుకోండి, నేను అలాగే చెప్పాను.

ఈ రోజుల్లో కట్టెల పొయ్యి ఎవరికుంది అంటారేమో. చాలామందికే ఉంది. గ్యాస్ ఉన్న ఇంట్లో కూడా పెరట్లో స్నానాల నీళ్ళకు అండా పొయ్యి ఉంటుంది, పండగకీ పబ్బానికీ పెద్ద గిన్నెలెక్కే పొయ్యి ఒకటి ఉంటుంది. చంద్రగిరి దగ్గర మా ఇంట్లో అయితే అమ్మ సంగటి గ్యాస్ మీద కెలకనే కెలకదు. పొయ్యి మీద ఇటుక గూడు, ఆ గూడు నుంచి మిద్దె దాటి పైకి పోయే ఇటుక గొట్టం, అదీ మా ఏర్పాటు. ఇక మదనపల్లె వైపు చలి ఎక్కువ కదా అని కొత్తగా కడుతున్న ఫామ్‌హౌస్‌లలో ఫైర్‌ప్లేస్‌లు కూడా పెట్టిస్తున్నారు. ఫోటోలకు బాగుంటుంది, కాదనను. కానీ అందులో మంట వేసేది డిసెంబర్, జనవరిల్లో కొన్ని రాత్రులు. మిగతా ఏడాదంతా ఆ గొట్టం ఖాళీగా నోరు తెరుచుకుని వాన తాగుతుంటుంది. మా వంటింటి గొట్టం కంటే వాళ్ళ గొట్టానికే ముందు జబ్బు చేస్తుంది, ఎందుకంటే రోజూ మంట ఉన్న గొట్టం కనీసం ఆరుతుంది.

అందరూ మసి గురించే భయపడతారు. పొడిగా ఉన్న మసితో పెద్ద గొడవ లేదు, బ్రష్ పెట్టి లాగితే రాలిపోతుంది. అదే మసి తడిస్తే దానికి ఆమ్ల గుణం వస్తుంది. ఇటుకల మధ్య సున్నాన్నీ సిమెంటునూ కొంచెం కొంచెంగా తింటుంది, రేకు గొట్టమైతే తూట్లు పొడుస్తుంది. వాన తగ్గిన మర్నాడు వంటింట్లో పాత బూడిద తడిసిన కంపు, పొయ్యి వెనక గోడ మీద డికాక్షన్ రంగులో చారలు కనిపిస్తున్నాయంటే ఆ పని లోపల మొదలైందనే లెక్క. గొట్టం బయటి ఇటుకల మీద తెల్లగా ఉప్పు పూసినట్టు కనిపించినా అంతే. ఇటుక లోపలికి నీళ్ళు దిగి, తిరిగి బయటికి ఆరేటప్పుడు లోపలి లవణాలను ఉపరితలానికి తెచ్చి వదిలేస్తాయి. గుడ్డతో తుడిస్తే ఆ తెలుపు పోతుంది, నీళ్ళు దిగడం ఆగదు.

సరే, నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయి? ఇక్కడే ఎక్కువమంది డబ్బు తగలేస్తారు. మరక కనిపించేది వంటింటి స్లాబుకూ గొట్టానికీ మధ్య. కాబట్టి మిద్దె మీద గొట్టం మొదట్లో, అది స్లాబు నుంచి పైకి లేచే చోట, సిమెంటు పూస్తారు. ఏటా పూస్తారు, ఏటా అది పగులుతుంది. పగలక ఏం చేస్తుంది? గొట్టం పొయ్యి వేడికి ఒక తీరున సాగుతుంది, మిద్దె మన ఏప్రిల్, మే ఎండలకు ఇంకో తీరున సాగుతుంది. రెండింటినీ కలిపి గట్టి సిమెంటుతో అతికిస్తే ఆ అతుకు దగ్గర సన్నటి గీత పడి తీరుతుంది. అక్కడ కావలసింది రెండు పొరల రేకు. ఒక రేకు మిద్దె మీద పరుచుకుని గొట్టం చుట్టూ జానెడు పైకి లేవాలి. ఇంకో రేకు గొట్టం ఇటుకల వరసలో గాడి కోసి అందులో దూర్చి, కింది రేకు మీదికి దిగాలి. ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి గానీ అతుక్కుని ఉండవు, కాబట్టి ఏది సాగినా పగుళ్ళు రావు. గాడిలో మాత్రం సాగే గుణమున్న సీలెంట్ పెట్టాలి. మన దగ్గర రేకు పని చేసేవాళ్ళకు కూలర్ల స్టాండ్లు, షెడ్లు అలవాటే కానీ ఇది కొత్త, కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే చక్కగా చేస్తారు.

అయితే రేకు వేయించే ముందు నీళ్ళ పరీక్ష చేయండి. మా ఇంటి పని చేసిన మేస్త్రీ పెద్దాయన, ఎక్కువ మాట్లాడడు. "సార్, మరక కింద ఉండాదని చిల్లి కిందే ఉంటాదా" అని బకెట్, మగ్గు పట్టుకుని మిద్దెక్కాడు. మా మేనల్లుడు కింద వంటింట్లో ఫోన్ టార్చి వేసుకుని గూడులోకి తల పెట్టి నిలబడ్డాడు. ముందు గొట్టం మొదట్లో మాత్రమే నీళ్ళు పోశారు, తొందర లేకుండా, మగ్గు మగ్గు, కాసేపు ఆగి మళ్ళీ. కింద ఏమీ లేదు. తర్వాత ఇటుక గోడల మీద ఒక్కో వైపు. అప్పుడూ ఏమీ లేదు. చివరికి గొట్టం నెత్తిన ఉన్న చిన్న సిమెంటు పలక మీద పోశారు. కాసేపటికి కింది నుంచి కేక, "మామా, పడతా ఉంది!" అని. నల్లటి చుక్క గూడు లోపలి అంచు పట్టుకుని జారుతూ వచ్చి, మరక ఉన్న చోటే స్లాబు అడుగున ఆగింది. ఇన్నేళ్ళూ సిమెంటు తిన్న ఆ కింది అతుకు పాపం ఏ తప్పూ చేయలేదు. ఈ పరీక్షలో ఒకటే నియమం, కింది నుంచి పైకి పోవాలి. పైన మొదలుపెడితే నీళ్ళు అన్నింటి మీదా కారి ఏది దోషో తెలియదు.

ఆ నెత్తిన ఉన్న పలక గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. గొట్టం కట్టడం పూర్తయ్యాక తట్టలో మిగిలిన మాలు పైన పూసి చదును చేసి దిగిపోతారు. చదునుగా ఉంటే నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన నీళ్ళు సన్నటి పగులు కోసం చూస్తుంటాయి. సరైన పలక కాంక్రీటుతో పోయాలి, అంచు దగ్గర కనీసం రెండు అంగుళాల మందం ఉండాలి, మధ్య నుంచి నాలుగు వైపులకూ వాలు ఉండాలి, ఇటుకలను దాటి కనీసం రెండు అంగుళాలు బయటికి రావాలి. బయటికి వచ్చిన ఆ అంచు అడుగున వేలు పట్టేంత గాడి ఒకటి తీయించండి. కిటికీ సన్‌షేడ్ల కింద ఉంటుంది చూడండి, అదే. గాడి లేకపోతే నీటి చుక్క అంచు అడుగునే పాకుతూ వెనక్కి వచ్చి గోడెక్కుతుంది, ఉంటే అక్కడే తెగి కింద పడుతుంది. గొట్టం లోపల రేకు పైపు ఉన్నవాళ్ళు పలకకూ పైపుకూ మధ్య చిన్న సందు వదిలి వేడికి తట్టుకునే సీలెంట్ నింపాలి. వేడికి పైపు సాగినప్పుడు పలకను నెట్టి పగలగొట్టకుండా ఉంటుంది.

ఆ పైన టోపీ. పాత మిద్దె ఇళ్ళలో వాన వస్తే గవాక్షి (పొగ, వెలుతురు కోసం మిద్దెకు పెట్టే కంత) మీద బండో, ఓటికుండో బోర్లించేవాళ్ళు, వెలిశాక తీసేవాళ్ళు. ఇప్పుడు పరిగెత్తుకెళ్ళి మూసేవాళ్ళు ఎవరున్నారు, కాబట్టి నాలుగు కాళ్ళ మీద నిలబడే రేకు టోపీ వేయించాలి. వాన అస్సలు పడకూడదని దాన్ని మరీ కిందికి దించకండి. టోపీ కింద నాలుగు వైపుల ఉన్న ఖాళీ మొత్తం కలిపితే గొట్టం నోరంత వైశాల్యమైనా ఉండాలి, లేకపోతే పొగ వెనక్కి తిరిగి వంటింట్లోకే వస్తుంది. చుట్టూ జల్లెడ కట్టించండి, లేకపోతే గోరింకలు, పావురాలు, ఉడతలు సంసారం పెట్టేస్తాయి. జల్లెడ సందు ముప్పావు అంగుళం దాకా ఉండాలి. దోమతెర లాంటిది కడితే నెల తిరక్కుండా మసితో మూసుకుపోతుంది.

గొట్టమే ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపు అయితే, మన ఊళ్ళలో పాత ఇళ్ళకు చాలావరకు అదే ఉంటుంది, దాన్ని పొడిగా గీకడం, రంపం పెట్టి కోయడం వద్దు. ఆ దుమ్ములో ఉండే సన్నటి పీచు ఊపిరితిత్తుల్లో దిగితే ప్రమాదం. పైగా నీళ్ళు పీల్చుకుని ఉన్నప్పుడు ఒక్కసారిగా వేడి తగిలితే అది పగులుతుంది. వీలైనప్పుడు మార్చేయడమే మంచిది. జీఐ రేకు (జింకు పూసిన ఇనుప రేకు) చవక, కానీ తడి మసికి త్వరగా లొంగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖర్చెక్కువైనా నిలబడుతుంది, అందులోనూ 304 కంటే 316 రకం ఆమ్లానికి బాగా ఓర్చుకుంటుంది. పొయ్యికి దగ్గరగా పీవీసీ పైపు తగిలించిన వాళ్ళను కూడా చూశాను. ఏం చెప్పాలి!

ఎత్తు సంగతి తిరుపతిలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పొగగొట్టం మిద్దె దాటి కనీసం మూడు అడుగులు లేవాలి, పది అడుగుల దూరంలో ఉన్న ఏ గోడ కంటే, ట్యాంకు కంటే అయినా రెండు అడుగులు ఎత్తుగా ఉండాలి. ఇది అమెరికా లాంటి చోట్ల ఇళ్ళు కట్టేవాళ్ళు పాటించే లెక్క. మీరు కట్టినప్పుడు సరిగ్గానే ఉండొచ్చు. తర్వాత పక్కింటాయన యాత్రికులకు గదులు అద్దెకిద్దామని పైన ఇంకో రెండు అంతస్తులు లేపుతాడు, గాలి ఆ గోడకు తగిలి కిందికి తిరిగి మీ గొట్టంలో దూరుతుంది, మీరేమో గొట్టం మూసుకుపోయిందని దులిపిస్తూ ఉంటారు. నిన్నటిదాకా బాగా లాగిన పొయ్యి హఠాత్తుగా పొగ కక్కుతుంటే, మసి సంగతి చూసే ముందు ఒకసారి మిద్దెక్కి చుట్టూ ఏం కొత్తగా లేచిందో చూడండి.

ఇక కట్టెలు. నీళ్ళు పైనుంచే వస్తాయనుకుంటాం గానీ, కింది నుంచి మనమే మోసుకొచ్చి పొయ్యిలో పెడుతుంటాం. అప్పుడే కొట్టిన కట్టెలో బరువుకు సగం దాకా నీళ్ళే ఉండొచ్చు. పది కిలోల పచ్చి కట్టె కాల్చడమంటే నాలుగైదు లీటర్ల నీళ్ళు మంటలో పోసినట్టే. మంట వేడి ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, కట్టె మండకుండా కునుకుతుంది, చల్లటి పొగ మెల్లగా పైకి పోతూ గొట్టం గోడలకు తగిలి తారులా పేరుకుంటుంది. దీన్ని క్రియోసోట్ అంటారు. పొగ వేడి సుమారు 120 డిగ్రీల కంటే తగ్గితే ఇది పేరుకోవడం ఎక్కువవుతుంది. మొదట్లో పొడి మసిలా ఉంటుంది, తర్వాత పెళుసుగా పెచ్చులు కడుతుంది, చివరికి నల్లగా నిగనిగలాడుతూ గాజు పూత పూసినట్టు అయిపోతుంది. ఆ చివరి దశకు వస్తే మామూలు బ్రష్‌కు రాదు. అదే ఎప్పుడో ఒకరోజు అంటుకుని గొట్టంలో మంట లేస్తుంది.

మన చిత్తూరు వైపు కట్టెకు కొదవ లేదు, మామిడి తోటలుండగా. కాయ కోతలయ్యాక కొమ్మలు కొట్టినప్పుడు వచ్చే కట్టె చవకగా దొరుకుతుంది. ఆగస్టులో కొట్టింది నవంబర్‌కు పొయ్యిలో పెడితే మాత్రం అది ఇంకా పచ్చిదే. కనీసం ఆరు నెలలు, లావు మొద్దులైతే ఏడాది ఆరాలి. తేమ ఇరవై శాతం లోపు ఉంటే మంచి కట్టె. దాన్ని కొలిచే చిన్న మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, లేదంటే అమ్మ పద్ధతి ఉంది, రెండు కట్టెలు ఒకదానికొకటి తట్టడం. ఎండినవైతే ఖణేల్‌మంటాయి, పచ్చివి దబ్‌మని మొద్దుగా పలుకుతాయి. చివర్లలో చక్రంలా చీలికలు కనిపించాలి. మామిడి కట్టెకు ఇంకో పీడ, నేల మీద పడేస్తే పురుగు పట్టి పొడి రాలుతుంది. చింత, తుమ్మ అయితే కాస్త ఆగుతాయి, మంట కూడా గట్టిగా ఉంటుంది. (ఎర్రచందనం బాగా మండుతుందా అని కామెంట్లలో అడగకండి, శేషాచలం పక్కన కూర్చుని అడగాల్సిన ప్రశ్న కాదది.) ఏ కట్టె అయినా రాళ్ళ మీదో దుంగల మీదో నేలకు ఎత్తుగా పేర్చండి. కప్పాల్సింది పైన మాత్రమే. టార్పాలిన్ తెచ్చి నాలుగు వైపులా కిందిదాకా చుట్టేస్తే లోపలి తేమ బయటికి పోయే దారి లేక కట్టె బూజు పడుతుంది. పక్కల నుంచి గాలి ఆడాలి.

ముసురు పట్టిన పొద్దున పొయ్యి అంటించగానే పొగంతా మొహాన కొడుతుందే, దానికి కారణం గొట్టం చల్లబడి ఉండటం. లోపలి చల్లగాలి బరువుగా కిందికి కూర్చుని ఉంటుంది, వెచ్చటి పొగ దాన్ని నెట్టలేదు. కట్టెలు పెట్టకముందు ఎండు కొబ్బరి మట్ట ఒకటి వెలిగించి గూడు లోపల పైకి చూపిస్తూ కాసేపు పట్టుకుంటే గొట్టం కాస్త వేడెక్కి, ఉస్సుమని లాగడం మొదలవుతుంది. పాల కవర్లతో అంటించే అలవాటు ఉంటే మానండి, ఆ పొగ మీ గొట్టానికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. అలాగే దిష్టి తీసిన ఉప్పు, మిరపకాయలు పొయ్యిలో వేయడం మన ఇళ్ళల్లో మామూలే. ఎప్పుడో ఒకసారి గుప్పెడు వేస్తే ఏం కాదు. స్టీలు గొట్టం ఉన్నవాళ్ళు వారం వారం వేస్తుంటే మాత్రం ఉప్పులోని క్లోరైడు ఆ స్టీలును కొరుకుతుంది. మా అమ్మ ఇప్పుడు బయట నిప్పుల్లో వేస్తుంది, దిష్టి పోవడంలో తేడా ఏమీ రాలేదట.

వాన జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు అన్నీ బిగించి, లోపల పచ్చి కట్టె కునుకుతూ ఉంటే అది నిజంగా ప్రాణం మీదికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఇంట్లో అందరికీ ఒకేసారి మొదలైతే అన్నం అరగలేదని అనుకోకండి, ముందు బయటికి రండి. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్లతో చనిపోయేవాళ్ళ వార్తలు చదువుతుంటాం కదా, అక్కడ చంపేదీ ఇదే. ఒక్క కిటికీ నాలుగు వేళ్ళ సందు తెరిచి ఉంచితే పొయ్యి కూడా బాగా మండుతుంది. దీనికి అలారం పెట్టెలు కూడా అమ్ముతున్నారు, ఫైర్‌ప్లేస్ ఉన్న గదిలో పడుకునేవాళ్ళు తప్పకుండా కొనుక్కోండి.

శుభ్రం చేయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏడాదికోసారి లోపల చూడాలి, పేరుకున్నది మూడు మిల్లీమీటర్లు దాటితే దులపాలి. పొయ్యి నోటికి తడి గోనెపట్ట కట్టి, పైనుంచి తాడుకు తీగ బ్రష్, దాని కింద బరువు కట్టి దించి లాగడమే. ముక్కుకు మాస్కు ఉండాలి. ఇక గొట్టంలో మంట లేస్తే, రైలు పోతున్నట్టు హోరు వినిపిస్తుంది, అప్పుడు నీళ్ళు పోయకండి. కాలిన ఇటుక మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది, ఆవిరి మొహాన కొడుతుంది. పొయ్యిలో నిప్పుల మీద ఇసుకో బూడిదో పోసి, గాలి పోకుండా నోరు మూసి, అందరూ బయటికి వచ్చి 101కు ఫోన్ చేయండి.

నీళ్ళు దిగుతున్నాయని చెప్పగానే పెయింటు షాపులో వాటర్‌ప్రూఫ్ రంగు డబ్బా చేతిలో పెడతారు. ఇటుక గొట్టానికి అది వద్దు. రంగు బయటి నీళ్ళను ఆపుతుంది, నిజమే, కానీ లోపలి నుంచి వచ్చే ఆవిరినీ ఆపేస్తుంది. పొగలో ఉండే తేమ ఇటుకలో ఇరుక్కుపోయి, కొన్నాళ్ళకు ఇటుక మొహమే పెచ్చులుగా ఊడి వస్తుంది. అడిగితే సైలేన్, సైలోక్సేన్ రకం పూత అడగండి. నీళ్ళలా ఉంటుంది, ఇటుక పీల్చుకుంటుంది, పైన పొర కట్టదు, ఆవిరిని బయటికి పోనిస్తుంది. పగుళ్ళు పూడ్చాక, ఇటుక బాగా ఎండాక మాత్రమే కొట్టాలి. ఇందుకోసం కూడా ఇది సెప్టెంబర్ పనే, నవంబర్‌లో ఎండేది ఎప్పుడు?

చివరగా, వారం రోజులు ముసురు పట్టి, పొయ్యి వెలిగించకుండా ఉన్న గొట్టమైతే, ఎండ రాగానే బంధువులొచ్చారని పెద్ద మంట వేసేయకండి. ఇటుకల్లో దిగిన నీళ్ళు ఒక్కసారిగా ఆవిరైతే పగుళ్ళు వస్తాయి. రెండు మూడు రోజులు చిన్న చిన్న పుల్లలతో మంట వేసి మెల్లగా ఆరనివ్వండి, ఆ తర్వాత సంగటి గిన్నె ఎంత పెద్దదైనా ఎక్కించుకోవచ్చు.